ఐదో యూనిట్

బోర్డు మీద రాశాను:
సాంస్కృతిక సామర్థ్యం. పది మార్కులు.
పదకొండు పెన్నులు ఒక్కసారే కదిలాయి.
నిర్వచనం కావాలన్నారు.
డస్టర్ తీసుకున్నాను.

కర్నూలు పెద్దాసుపత్రి, ఆడవాళ్ల వార్డు.
మే నెల. ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం ఎవరికో.

మూడో మంచం చీటీ మీద కాశింబీ అని చదివి
రోహిణి వచ్చీరాని హిందీలో పలకరించింది.
ఆమె దిండు సర్దుకుని,
"మాకు తురకం రాదు తల్లీ, దూదేకులోల్లం.
తెలుగులోనే కసురుకో, అర్థమైతాది" అంది.
నవ్వాం. రోహిణి కూడా, కొంచెం ఆలస్యంగా.

ఏడో మంచం అవ్వది ఎమ్మిగనూరు పక్క పల్లె.
నొప్పి పదికి ఎంత అని అడిగితే
"పదికి యేమొస్తాదిలేమ్మా ఈ కాలంలో" అంది.
మళ్లీ అడిగితే ఒక్కటే మాట: "యాష్ట."
యాష్టని ఏ గడిలో రాయాలి మేడమ్?
నాకూ తెలీదు.
మంచం అంచున కూర్చో, పెన్ను జేబులో పెట్టు అన్నాను.
ఎండిపోయిన బోరు, అమ్ముకున్న బర్రె,
కన్ను మూయని రాత్రులు
అప్పుడొచ్చాయి, ఒకదాని వెనక ఒకటి,
చివరికెప్పుడో కడుపునొప్పి.

మిగతాది మెట్ల మీద చెప్పాను.

తొంభై నాలుగు. నాకు ఉద్యోగం కొత్త.
పత్తికొండ అవతలి తండా నుంచి సోమ్లీబాయి,
వాంతులు, విరేచనాలు, అందీ అందని నాడి.
మణికట్టు నుంచి భుజం దాకా తెల్లగాజులు.
కట్లు కోసే కత్తెర తెచ్చాను.
నరం దొరికింది. మనిషి బతికింది.
మూడు రోజులు ఆ చెయ్యి దుప్పటి బయటికి తియ్యలేదు.
నాలుగోనాడు తలుపు దగ్గర నిలబడి
రూప్లానాయక్ మెల్లగా అడిగాడు:
"నేనింకా సావలేదు గదా సిస్టరమ్మా?"

కాలికీ నరాలుంటాయి.
అది నాకు అప్పుడూ తెలుసు.

ఎవరూ రాసుకోలేదు.
కింది మెట్టు మీద మంజులాబాయి,
ఈ బ్యాచ్‌లో తండా పిల్ల ఒక్కతే,
తలెత్తకుండా అడిగింది:
"ఆ గాజులు ఎక్కడేశారు మేడమ్?"

ఎరుపు, పసుపు, నీలం.
ఏది ఏ బుట్టలో వెయ్యాలో
నిద్రలో లేపినా చెప్తారు వీళ్లు.
అప్పటికింకా
బుట్టలకు రంగులు రాలేదు.