శనగగింజంత

నా పేరు హషబ్యా. తూకపురాళ్లు చెక్కేవాణ్ణి.
యూదా కొండల్లో మా ఊరు.
ఇప్పుడా పేరు పలకబోతే
ఇక్కడి కావలివాళ్లకి నోరు తిరగదు,
నాకు తిరిగినా నాలుక ఒప్పుకోదు.

తెల్ల సున్నపురాయి. గుండ్రటి నెత్తి, చదునైన అడుగు.
ప్రతి తూకానికీ రెండేసి చేసేవాణ్ణి:
కొనేటప్పటికి ఒకటి, అమ్మేటప్పటికి ఒకటి.
తేడా ఎంతని? శనగగింజంత.
శనగగింజతో ఎవడి కడుపు మాడింది చెప్పండి, అనేవాణ్ణి.
అంగడంతా నవ్వేది.
అంగడంతా నా దగ్గరే కొనేది.

ఆమె సాయంత్రాలు వచ్చేది,
యెహోయిష్మా,
ముళ్లకంపలకి చిక్కిన గొర్రెబొచ్చు ఏరుకుని బతికే విధవ.
గోనెపట్ట కట్టేది గానీ అరిచేది కాదు.
అరిస్తే బాగుండేది, అరిచేవాళ్లని తరమడం తేలిక.
నా బల్ల మీది రాయి తీసి
అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసేది.
"ఇది ఆకలిగా ఉంది హషబ్యా.
ఆయన చేతిలోనూ ఇలాగే ఉంటుంది.
ఇంకా పొద్దుంది, మార్చెయ్."

రేపు రా, అనేవాణ్ణి.

ద్వారం దగ్గర పెద్దలూ విన్నారు.
ఒకాయన అంజూరపండు నములుతూ
బలిపీఠం మీద పొగ లేస్తూనే ఉందిగా,
ఇంకేం కావాలట ఆయనకి, అన్నాడు.
యాజకుడు తన వంతు మాంసం మూటకట్టుకుంటూ
అవునవునన్నాడు.
రొట్టెలు కాల్చే హొగ్లా
మాడిన అంచులు తుంచి ఆమె ఒళ్లో పడేసింది,
నములుతుంటే మాట్లాడదు కదా అని.
పిల్లలు పొద్దమ్మ అని పేరు పెట్టారు.
పొద్దమ్మా పొద్దమ్మా, ఎంత పొద్దుంది?
ఆమె నిజంగానే తలెత్తి,
కొండకీ సూర్యుడికీ మధ్య చెయ్యి అడ్డంపెట్టి
కొలిచి చెప్పేది:
నాలుగు వేళ్లు.
మూడు.

ఒక రాత్రి నేను కొత్త రాయి తీశాను, అబద్ధం కాదు.
రెండు దెబ్బలు కొట్టాను కూడా.
యవల కోత వారంలో ఉంది.
ఈ ఒక్క కోత పాతవాటితో కానిద్దామని
ఉలి పక్కన పెట్టాను.

తర్వాత ఒక సాయంత్రం ఆమె రాలేదు.
ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఊరికే, రాలేదు.
మర్నాడూ రాలేదు.
మేకను కోశాం.
దేవుడే అలిసిపోయాడ్రా, అన్నాడొకడు.
నిప్పు కురుస్తుందేమోనని మిద్దెలెక్కినవాళ్లు
చుక్కల్ని చూసి ఆవలించి దిగొచ్చారు.
అడగడం మానెయ్యడం కూడా తీర్పేనని
ఎవడికి తెలుసు?

అష్షూరు సైన్యం వచ్చింది.
తొందరేం పడలేదు వాళ్లు.
మట్టీ రాళ్లూ చెట్ల మొద్దులూ పోసి
మా గోడ ఎత్తుకి బాట కట్టుకున్నారు.
బుట్ట వెనక బుట్ట.
ఒక్కో బుట్టలో ఎంతని?
గోడ మీంచి రోజూ చూసేవాణ్ణి,
చిన్న చిన్నవి కలిసి కొండ కావడం
నాకు తెలియని విద్యేం కాదు.

ఇప్పుడు నీనెవె. కాలువ తవ్వకం.
సాయంత్రం వరసలో నిలబడితే యవలు తూచి పోస్తారు.
నిన్న త్రాసులోంచి రాయి జారి
నా కాళ్ల దగ్గరికి దొర్లింది.
తీసి అందించబోయాను.
తెల్ల సున్నపురాయి.
అడుగున ఉలి గీత, ఎడమకి కాస్త వంగి.
నాదే.
అమ్మేటప్పటిది.

దోపిడి మూటల్లో మాతోపాటే నడిచొచ్చిందన్నమాట,
ఇన్ని కోసుల దూరం.
కావలివాడు లాక్కున్నాక కూడా
నా అరచెయ్యి తెరుచుకునే ఉంది.
లేని శనగగింజ అంత బరువుంటుందని
ఏ త్రాసూ నాకు చెప్పలేదు.

వెనక నిలబడ్డవాడు హొగ్లా కొడుకు,
పక్కటెముకలు ఎంచొచ్చు.
ఏమైంది మామా, అలా నిలబడిపోయావు, అన్నాడు.

పడమట ఖర్జూరాల మీద
రెండు వేళ్ల పొద్దుంది.
ఆ రాయి ఎవరు చెక్కారో
ఒక్క మాట, అంతే, చెప్పొచ్చు.

రేపు చెబుతాలేరా, అన్నాను.