సర్టిఫికెట్టున్నోడు

బాబా చెప్పినాడు:
"కంపెనీ సర్టిఫికెట్టున్నోడే దాని మీద చెయ్యెయ్యాల.
షువైక్ సందుల్లో ఎవని చేతికన్నా ఇచ్చినావో
నీ అకామా, నీ టికెట్టు, నువ్వు."
తాళంచెవి నా చేతిలో పెట్టి
దివానియాకు పోయినాడు.

ఎర్రబండి. రెండు తలుపులు, రెండు సీట్లు.
ముప్పై ఆరేండ్లు దానికి.
వాళ్ల నాయన కొన్నది.
ఇరాకోళ్లు వచ్చిన యేడు గొర్రెల కొట్టంలో
గడ్డిమోపుల కింద ఏడు నెలలు దాక్కున్నదంట.
ఇప్పటికీ ఎండ గట్టిగా కాస్తే
సీట్లలోంచి సన్నగా గొర్రెవాసన.
ఇంట్లో నేనొక్కణ్ణే పసిగట్టినా,
రాయచోటోణ్ణి గదా.

షోరూములో చల్లగా ఉండాది.
అద్దమట్లా నేల మీద నా చెప్పుల గుర్తులు నాకే కనపడె.
ఖర్జూరం పెట్టినారు, చిన్న కప్పులో గావా పోసినారు,
బండి నాదనుకున్నారేమో కాసేపు.
తెల్లచొక్కా పిల్లోడు
ల్యాప్‌టాప్ తీగ పట్టుకోని చుట్టూ తిరిగినాడు,
స్టీరింగు కింద వంగినాడు, సీటు కింద తడిమినాడు,
ఆవుకు పొదుగు యాడుంటాదో తెలీనోడి మాదిరి.
"గుచ్చేదానికి తొర్ర లేదే" అన్నాడు.
"పుట్టినప్పుడే లేదు నాయనా" అంటి.

వాళ్ల కంప్యూటర్లో ఈ బండి పేరే లేదు.
దీన్ని నేర్చినోళ్లు ఈ ఊర్లో ముగ్గురంట.
ఒకడు అలెప్పోకు పోయి మళ్లా ఫోనెత్తలా.
ఒకడు సులైబిఖాత్ మట్టిలో ఉండాడు.
మూడోవాణ్ణి, మోకాళ్లు పోయినాయని
స్పేర్‌పార్టుల కౌంటర్లో కూర్చోబెట్టినారు.

హగోప్. అరవై నాలుగు.
ఫిల్టర్ల అట్టపెట్టెల మధ్య కూర్చోనుండాడు.
వెనక గోడకు గాజు కింద ఒక కాగితం,
పసుపు తిరిగి, సంతకం వెలిసిపోయి.
తేదీ చూస్తే, నేను రెండో తరగతి తప్పిన యేడు.

"ఎన్ని కార్బురేటర్లు?" తలెత్తకుండానే అడిగినాడు.
"నాలుగు."
అప్పుడు లేచినాడు.
లేచేటప్పుడు ఆ మోకాళ్ల చప్పుడు విని
బండి కంటే ముందు ఈయనకే ఆయిలు పొయ్యాలనుకుంటి.

పనిముట్టేందో అనుకుంటే మూరెడు రబ్బరు గొట్టం.
ఒక కొన చెవిలో,
ఒక కొన కార్బురేటరు నోటికాడ.
స్స్‌స్ అంటాది గాలి.
ఒక్కోదానికాడ ఆగి, మర పిసరంత తిప్పి, మళ్లా విని,
"నలుగురూ ఒకే ఊపిరి తియ్యాల" అన్నాడు
విరిగిన అరబ్బీలో,
నా అరబ్బీ కంటే నయం.
గొట్టం నా చెవిలో పెట్టినాడు.
నాకు నాలుగూ ఒకటే మాదిరి వినపడె.
"మళ్లా విను."
వింటి.
ఏసీ మోత. నా చెవిలో నా నెత్తురు.
"మళ్లా."

నాలుగు శుక్రవారాలు పోతి.
దుడ్లు అడగలా ఆయన. నేను కట్టుకోనిపోయిన ఉగ్గాణి తిని
మిరపకాయ మాత్రం పక్కన పెట్టేవాడు.
నాలుగో వారం, రెండోదానికాడ,
గాలి రవ్వంత పొట్టిగా తగిలె.
చెప్తి. మెచ్చుకోలా, నవ్వలా.
స్క్రూడ్రైవరు నా చేతికిచ్చినాడు.

ఆ నెలాఖరుకు కంపెనీ ఆయన వీసా కొట్టేసింది. వయసంట.
ఎరెవాన్‌లో చెల్లెలుండాదంట.
"ఆడ చలి. బండ్లు పొద్దున్నే దగ్గుతాయి" అన్నాడు,
కొత్త పని దొరికినోడి మాదిరి.

ఎయిర్‌పోర్టుకు ఎర్రబండిలోనే తీసకపోతి.
బాబాకు టెస్టు డ్రైవని చెప్తి. అబద్ధమేం కాదు.
పెట్టె పట్టక ఒళ్లో పెట్టుకున్నాడు,
పెట్టె మీద గాజుపటం, పటం మీద గడ్డం.
ఆరో రింగు రోడ్డు. దుమ్ము.
ఆకాశానికీ ఇసుకకూ మధ్య గీత లేదు.
దోవంతా ఒక్క మాట లేదు,
వినేటప్పుడు ఆయన మాట్లాడడు.
దిగినాక కిటికీలోకి వంగి
"మూడోది" అన్నాడు. అంతే.

రేపు బాబా అడుగుతాడు,
సర్టిఫికెట్టున్నోడు దొరికినాడా అని.
ఏం చెప్పాలో ఇంకా అనుకోలా.

పార్కింగులో బానెట్టు ఎత్తితి.
సీటు మీద గొట్టం ఉండాది, ఎప్పుడు పెట్టినాడో.
మూడోది నాకు బాగనే ఉన్నట్లుండాది.
పైన ఏదో విమానం లేస్తా ఉంటే
దాని మోత పోయేదాకా నిలబడి
మళ్లా పెడ్తి చెవిలో.