పద్నాలుగు, ఇరవై ఒకటి

తార్తు వీధుల్లో మంచు గడ్డకట్టిన మర్నాడు
మణికట్లు వరసగా వస్తాయి.
డాక్టర్ల గొంతులు చెవుల్లో పెట్టుకుని
ఇరవై రెండేళ్ళుగా టైపు కొడుతున్నాను.
చేయి ఆనించి పడిన ముసలమ్మది ఫోర్కు వంపు.
గోడను గుద్దినవాడిది బాక్సరు విరుపు,
వాడెప్పుడూ తలుపు తగిలిందనే అంటాడు.
పిల్లలదైతే పచ్చికొమ్మ విరుపు:
ఒకవైపు చిట్లి, ఒకవైపు వంగి
తెగకుండా ఆగిన ఎముక.
ఆ మాట కొట్టినప్పుడల్లా
వేళ్ళకి జిగురంటినట్టుంటుంది.

ఎముకలకి పేర్లు పెట్టినవాళ్ళు
వంటిల్లూ అడవీ తెలిసినవాళ్ళే అయ్యుంటారు.

మూడో అంతస్తు టేపులు వేరు.
అక్కడ అన్నీ అంకెలే.
పొడుగు చేయి, పొట్టి చేయి అంటారు గానీ
కట్టు కట్టే చేయి కాదది.
లోపం, రెట్టింపు, తలకిందులు, ఉంగరం.
ఉంగరం అని మొదటిసారి విన్నప్పుడు
పెళ్ళి కబురేమో అనుకున్నాను, నవ్వకండి.

మా రేలికాకి మూడుసార్లు కడుపు నిలవలేదు.
మూడోసారి తర్వాత దాని నెత్తురు తీశారు.
మార్చిలో నన్నూ రమ్మన్నారు.

ఎవరి కాగితం వాళ్ళు కొట్టకూడదు, రూలు.
పక్క బల్ల ఉర్వే కొట్టింది.
ఆ రోజు కాఫీకి నన్ను పిలవలేదు.
అప్పుడే తెలిసిపోయింది.

పద్నాలుగు ఇరవై ఒకటిని అంటుకుని ఉంది
నాలో. మా అమ్మలో కూడానేమో.
ఎనభై ఏళ్ళు మంచుమీద నడిచి
ఒక్క ఎముకా విరగ్గొట్టుకోని మనిషి.

"పోకూడనిదేదీ పోలేదు, చోటు మారింది, అంతే.
దీన్ని సమతుల్యం అంటాం" అంది డాక్టరమ్మ.
ఆ మాట వందసార్లు కొట్టాను.
చదవడం ఇదే మొదలు.

యాభై ఏడేళ్ళు ఈ అతుకుతోనే తిరిగాను.
నొప్పి లేదు, వాపు లేదు.
కుంటింది నా కూతురు.

"వాహకురాలు" అన్నచోట
ఉర్వే ఒక అక్షరం మింగేసింది.
పెన్సిలు తీసి దిద్దాను. అలవాటు.

కిటికీ కింద ఎమయోగి,
తల్లి నది అని దాని అర్థం,
అంచుల్లో కరుగుతూ నడుమ పగులుతోంది.
రేలికాకి ఫోను చేయాలి.
ఏ మాటతో మొదలుపెట్టను?
పచ్చికొమ్మ ఒక్కటే నోటికొస్తోంది.

అది ఈ అంతస్తు మాట కాదు.