తరుగు

ఎనుమాముల యార్డుల
ముప్పై ఒక్క ఏండ్లు కాంటా పట్టిన దడ్వాయిని.
నా చేతుల మీదికెళ్లి పోయిన గింజకు లెక్కున్నది,
కింద రాలిన గింజకే లేదు.

బస్తాకింతని తరుగు తీస్తడు అడ్తిదారు.
దుమ్ముకింత, తేమకింత, సంచి బరువుకింత,
ఎందుకో చెప్పనిది ఇంకింత.
తక్‌పట్టీ రాసేటప్పుడు
రైతు మొఖం దిక్కు చూడొద్దని
మొదటి రోజే నేర్చుకున్న.

మూడో నంబరు షెడ్డుల
ఐలోని కొక్కెం గుచ్చిన చోటల్లా
నాలుగు మక్కలు జారిపడతయి.
లసుమక్క చీపురు వాటిని చాటలకెత్తేలోపే
పిచ్చుకలు, చీమలు,
పొద్దూకినంక బండల సందుల్నించి ఎలుకలు.
ఎలుకల వెనుక, చప్పుడు లేకుండ, జెర్రిపోతు.

లారీ ఆలస్యమైన రాత్రి అక్కడ్నే పండుకునేది.
ఇనుప దూలం మీద
తెల్లమొఖం గుడ్లగూబ గుడ్డ చింపినట్టు అరిచేది.
"పైడికంటె కూస్తే కీడు" అంటది లసుమక్క.
అంటది గని, దాని గూడు మాత్రం కదిలియ్యనియ్యదు.
దూలం కింద రాలి ఉంటయి నల్లటి ఉండలు.
ఒకదాన్ని చెంబు నీళ్లల్ల నానబెట్టి విప్పిన:
బొచ్చు, మూడు సన్న పుర్రెలు,
అండ్ల అతుక్కొని ఒక్క మక్క పొట్టు.

అప్పుడు పట్టుకున్నది నన్ను లెక్క.

బోనుల పడ్డ ఎలుకపిల్లను చంపలే.
మిర్చి నమూనా తూచే చిన్న కాంటా తీసుకొని
రోజుకు ఇరవై గ్రాముల మక్కలు తూచి పెట్టిన.
పది రోజులు.
పదోనాడు దాన్నే కాంటా ఎక్కిస్తే
పెరిగింది ఇరవై గ్రాములు.
పెంటికలు పక్కకు తీసినా
ఇంకా బాకీ ఉన్నది శానా.
ఎవడు తీసిండు ఈ తరుగు?
బోను సందుల వేలు పెట్టి ముట్టుకున్న.
కాలుతున్నది.
గుండె, కుట్టుమిషన్ లెక్క.

ఆ పగలు ఐలోని వీపు మీద చెయ్యేసిన,
పొయ్యి మీంచి దింపిన కుండ!
ఇరవై ఏండ్లుగా రెండు పూటలా తట్టెడు బువ్వ తింటడు,
ఒక్క కిలో పెరగలేదు మనిషి.
తిన్నదంత బస్తాలై లారీలెక్కింది,
మిగిలింది ఆవిరై
షెడ్డు రేకుల సందులకెళ్లి పోయింది.
పర్వతగిరి చెల్కల మీద పడ్డ ఎండల
మక్క ఆకు పట్టుకున్నది గోరంత,
ఆ గోరంతల ఎలుకకు చిటికెడు,
చిటికెడుల పైడికంటెకు ఒక్క రెక్క విసురు.

అది చచ్చిన పొద్దు
కాంటా మీద పెట్టిన. మూడువందల చిల్లర.
ఇంత అల్కటిదా,
ఇన్నేండ్లు షెడ్డంత భయపెట్టింది?
దాని కింద ఎన్ని ఎలుకలు, ఎన్ని బస్తాల మక్కలు,
ఎన్ని ఎండకాలాలు!
గోడ వెనుక లసుమక్క గుంత తవ్వింది.
బొచ్చూ బొక్కలూ మన్ను అడిగి తీసుకున్నది,
మళ్ల గడ్డై లేస్తయి.
వేడి మాత్రం ఎవ్వరికీ ఒప్పజెప్పకుండ
రాత్రే వెళ్లిపోయింది.
దానికి తిరుగు దారి లేదు.
అందుకే కావచ్చు, పొద్దు రోజూ
కొత్తగ, చిట్టీ లేకుండ, తెచ్చి పోస్తది.

ఇయ్యాల నెక్కొండ రైతు మక్కలు కాంటా ఎక్కినయి.
"తరుగు రాయి" అన్నడు అడ్తిదారు.
ఎలుక తరుగు ఎలుకల కాలింది,
ఐలోనిది ఐలోని వీపుల కాలింది.
ఇది ఎవరి ఒంట్లె కాలింది?
పెన్ను ఆగింది.
మొదటిసారి రైతు మొఖం దిక్కు చూసిన.
చెమట ఆరని మొఖం,
నన్నే చూస్తున్నది.