టికెట్ వెనక

మా ఉద్యోగంలో
టికెట్ వెనక పెన్నుతో ఏం రాసినా
అది బాకీ.
చిల్లర లేనప్పుడు ముప్పై అనో, పదిహేను అనో రాసి
కింద గీత గీసి ఇస్తాం.
దిగేముందు అడిగి పుచ్చుకోవాలి.
అడక్కుండా దిగిపోయేవాళ్ళూ ఉంటారు.

నా పనుల చీటీ కూడా టికెట్ వెనకే.
ట్రిప్పు అయ్యాక సీట్ల కింద ఏరుకున్నవి
ఖాకీ కోటు పై జేబులో ఓ గుప్పెడుంటాయి.
పొద్దున్న నాలుగున్నరకి
కుక్కర్ మూడో కూత వేసేలోపు
పొయ్యి గట్టు మీద పెట్టి రాస్తాను:

కొళాయి వచ్చే రోజు, డ్రమ్ము కడగాలి
హేమంత్ ఫీజు రెండో వాయిదా
అత్తకి బీపీ బిళ్ళలు, తెల్లవి కాదు, గులాబీవి
గేసు
జ్యోత్స్నిక తలలో పేలు
చోడిపిండి మర
నీలం

వేలెడు కాగితం.
ఏడు పనులకి మించి పట్టవు.
ఎనిమిదోది ఎంత ఏడ్చినా రేపటి టికెట్టే.

ఐదూ ఇరవైకి సాలూరు బండి.
బొండపల్లిలో కూరగాయల గంపలు ఎక్కించుకుని
గజపతినగరంలో పిల్లలూ టీచర్లూ ఎక్కాక
మెట్టు మీద ఒంటికాలితో రైట్ అంటాను.
ఆడవాళ్ళకి ఉచితం అయ్యాక
మిషన్ రోజంతా సున్నాలే కొడుతోంది.
బండి మోసే బరువు బండికి తెలుస్తుంది,
టైర్లకి తెలుస్తుంది,
నా భుజాన సంచీకే తెలీదు.
నా చీటీలో పనులూ ఈ జాతే కాబోలు అనుకున్నాను
మానాపురం దగ్గర ఒకసారి.
అంతలో ఎవరో బెల్లు కొట్టారు.

సాలూరులో పదిహేను నిమిషాలు ఆగుతాం.
డ్రైవర్ సూర్రావు టీ తాగుతాడు.
నేను మందుల కొట్టుకి పరిగెత్తుతాను.
ఒకటి కొట్టేస్తాను.
ఆ అడ్డగీత గీసేటప్పుడు ఉండే సుఖం
సెలవు రోజు నిద్రలో కూడా లేదు.

కానీ నీలం ఏమిటో గుర్తు రావడం లేదు.
రాత నాదే. ఆ తొందర సున్నా నాదే.
సోమవారం రాశాను.
మంగళవారం కొత్త టికెట్టు మీదికి ఎక్కించాను, బుధవారం కూడా.
గేసు వచ్చింది, పిండి ఆడింది, పేలు కాస్త తగ్గాయి.
నీలం మాత్రం
తన స్టేజీ దాటిపోయినా దిగని మనిషిలా
కిటికీ పక్కనే కూర్చుంది.

ఇంట్లో అడిగాను.
"చార్టు కాగితమా? అది పోయిన నెల కదా.
ఫ్రెండు దగ్గర సగం చింపుకున్నాను" అన్నాడు హేమంత్
పుస్తకంలోంచి తల ఎత్తకుండా.
ఆ రాత్రి కూర మాడ్చాను.

ఏటీఎం కాపలా నుంచి వచ్చి పడుకున్న ఆయన
కళ్ళు తెరవకుండానే, "మోటారు వైరా?"
"నా రిబ్బన్లు ఎర్రవమ్మా," అని చిన్నది నవ్వింది.
అత్త ఆలోచించి చెప్పింది:
"నీలిమందేటో. నాను సెప్పనేదు గానీ
తెల్లకోకలు పచ్చబడిపోనాయి, తెత్తే తే."
తెచ్చాను.
కొట్టెయ్యబోయి పెన్ను ఆపేశాను.
ఇది కాదు.

శుక్రవారం సాయంత్రం ట్రిప్పు.
రామభద్రపురం దాటాక బండి సగం ఖాళీ.
వెనక అద్దంలో సాలూరు కొండలు
నీలంగానే ఉన్నాయి.
అదీ కాదు.
కొండల్ని చీటీ మీద రాసుకునే తీరిక నాకెప్పుడుంది?

గజపతినగరంలో ఒక ముసలాయన
తలుపు దగ్గర ఆగి టికెట్టు తిప్పి చూపించాడు.
పదిహేను. కింద గీత.
ఎక్కడ ఎక్కాడో, ఎంత నోటు ఇచ్చాడో
ఒక్క ముక్క గుర్తు లేదు.
అయినా సంచీలో వెతికి లెక్కపెట్టి ఇచ్చాను.
రాసి ఉంది మరి.
రాసి ఉంటే ఇవ్వాలి.

డిపోలో వేబిల్లు అప్పజెప్పి
బెంచీ మీద కూర్చుని శనివారం టికెట్టు తీశాను.
అన్నిటికంటే పైన
నీలం అని రాశాను.
దాని కింద
ఉల్లిపాయలు, రెండు కేజీలు.