అసలుకు సరైన నకలు

పత్తర్‌గట్టిలో అత్తరు దుకాణం పైన
మా ఆఫీసు.
మెట్లెక్కి వచ్చే ప్రతి కక్షిదారూ
కొంచెం మల్లెపూల వాసనేస్తాడు,
జైలు నుంచి వచ్చినవాడు కూడా.

బోర్డు మీద ట్రస్టు పేరు, కింద చిన్నక్షరాల్లో
'వాక్ స్వాతంత్ర్యం కేసులకు ఫీజు లేదు.'
ఆ 'లేదు'లో ఏత్వం రాలిపోయి ఏడాదైంది.
పెయింటరు రాడు,
మాకు ఫీజులు రావని వాడికీ తెలుసు.

మా సారు సింగరాచార్యులు.
నిలువు నామం, నల్ల కోటు,
హైకోర్టు క్యాంటీన్లో మంచినీళ్ళు కూడా ముట్టరు.
కొత్తదేదైనా ఆయనకు అనుమానమే:
రంగుల ఫైళ్ళు, ఫోన్లో పంపే దండాలు,
నేను చీర మానేసి వచ్చిన మొదటి సోమవారం.
ఏమీ అనలేదు.
అనకపోవడం కూడా నాకు వినిపించింది.

పోయిన వానాకాలం ఒకాయన వచ్చాడు,
ఆడవాళ్ళు ఆఫీసుల్లో కూర్చుంటే ఇళ్ళు కూలతాయని
కరపత్రం వేసి, కేసు మీదేసుకున్నవాడు.
ఆయన రిట్ పిటిషన్ టైపు కొట్టింది నేనే.
ప్రతి కామా నా పళ్ళ మధ్య నలిగింది.
గెలిచాం.
మిఠాయి డబ్బా తెచ్చి
నా మొహం చూడకుండా నా బల్ల మీదే పెట్టాడు.
మిఠాయి బాగుంది. ఏం చెయ్యను.

ఈసారి ఎల్లేశం.
ఛత్రినాకలో ఫ్లెక్సీలు అచ్చేసేవాడు.
పదహారు పేజీల పుస్తకం రాశాడు,
తన తాతను గడప దగ్గరే నిలబెట్టిన ఒక మఠం మీద,
దాన్ని నడిపిన ఒక పెద్దాయన మీద.
కాపీలన్నీ స్టేషనుకు పోయాయి, ప్రెస్సుకు తాళం పడింది.
బియ్యం డబ్బాలో దాచిన ఒక్కటి మిగిలింది.
తవుడు దులిపి బల్ల మీద పెట్టాడు.

పెద్దాయన పేరు చదివి
సారు కళ్ళద్దాలు తీశారు.
వాళ్ళ తాత.

కింద ఎవరో ఊదు వెలిగించారు.
'నాకు తెల్వది సార్, వేరే వకీలును చూసుకుంట'
ఎల్లేశం లేచాడు.
'కూర్చో' అన్నారు సారు.
'మా తాత నాకు తర్కం చెప్పేటప్పుడు
ముందు ఎదుటివాడి మాట చెప్పించేవారు,
వాడికంటే బాగా.
పూర్వపక్షాన్ని కుంటిదాన్ని చేసి గెలిస్తే
అది గెలుపు కాదురా అనేవారు.'
కాసేపాగి, 'ఆ పాఠం గడప దాకా రాలేదన్నమాట.'

రాత్రి ఎనిమిదింటికి డిక్టేషన్.
పుస్తకంలో ఒక శ్లోకానికి దీర్ఘం ఎగిరిపోయింది.
దిద్దనా అన్నాను.
'వద్దు. తిట్టు ఆయనది, తప్పూ ఆయనదే.'
నా వేలు మీట మీంచి లేచింది.

మదీనా దగ్గర జిరాక్సు, ఏడు సెట్లు.
తెల్లదారంతో కుట్టాను, సూది ఒకసారి దిగింది.
ప్రతి పేజీ అడుగునా స్టాంపు:
అసలుకు సరైన నకలు.
దాని కింద సారు సంతకం.
వాళ్ళ తాతను దొంగన్న పేజీ మీద,
మనిషే కాదన్న పేజీ మీద.
పదకొండో పేజీ దగ్గర పెన్ను ఆగింది.
సిరా అయిపోయిందేమోనని నాది చాచాను.
తీసుకోలేదు.
చాలాసేపటికి అదే పెన్ను కదిలింది.

మూడు వాయిదాలు.
సర్కారు వకీలు 'శాంతిభద్రతలు' అన్నప్పుడల్లా
అవతల మూసీ
తనకేం పట్టనట్టు నల్లగా పోయింది.
నాలుగోసారి బెంచి అడిగింది:
ఈ రాతతో మీరు ఏకీభవిస్తారా?
'లేదు మై లార్డ్. జవాబు రాయాలని ఉంది.
పుస్తకం స్టేషన్లో ఉంటే
నా జవాబు ఎవరికి?'

తీర్పు వాయిదా.

ఆ సాయంత్రమే ఆఫీసులో
కోటు విప్పకుండా మొదలుపెట్టారు, జవాబు.
నేను కొట్టిన మొదటి వాక్యం:
'ఎల్లేశం తాత గడప దగ్గర నిలబడ్డ మాట నిజం.'
రెండోదాని కోసం చేతులు మీటల మీద పెట్టుకుని కూర్చున్నాను.
కింద షట్టరు దించారు.
సారు ఇంకా
కిటికీలోంచి చూస్తున్నారు.