సొరుగులో వదిలి వెళ్తున్న కాగితం

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చోబోయే నీకు,
ముందుగా ఒక మాట: దీని ఎడమ కాలు నేలకి ఆనదు.
అట్టముక్క మడిచి పెట్టాను. తియ్యకు.

మొదటి పది రోజులు నీకెవరూ పని చెప్పరు.
సింధియా బస్సులో నిలబడే వచ్చి
గేటు దగ్గర సంతకం పెట్టి, హెల్మెట్ బిగించి
ఏసీ గదిలో పాత డ్రాయింగుల వాసన పీలుస్తూ
ఫోను చూసుకుంటావు.
నేనూ చూసుకున్నాను.
"ఇంటర్న్ అమ్మాయి, ఇవి జిరాక్స్ తీసుకురా" అంటారు.
నాకో పేరుంటుందని మొదట తోచింది
క్యాంటీన్ దమయంతికి, పన్నెండో రోజున.
సుహాసిని అన్నాను. చీపురుపల్లి అవతల అన్నాను.
"మా ఆడబడుచు ఊరే కదే, చెప్పవేం!"
ఆ పూట నుంచి నా ప్లేటులో ఒక గారె ఎక్కువ.

పదమూడో రోజు ఎవరూ పిలవకుండానే
డ్రై డాకులోకి దిగాను.
మెట్లు లెక్కపెట్టాను, తొంభై దాటాక మర్చిపోయాను.
నీళ్లు తోడేసిన గోతిలో దిమ్మెల మీద
ఓడ
చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని
కాలవ దాటుతున్న పెద్దావిడలా ఉంది.
ఎవరికీ చూపించని సగం అది.
పొట్టనిండా గుల్లలు, ఎర్రటి చారలు,
ఎక్కడో పైన డాల్ఫిన్ నోస్ మీద ఎండ.

మైలపల్లి ఎర్రయ్య గారు సుత్తితో తట్టుకుంటూ పోతున్నారు.
"ఏటి సూస్తన్నావు?"
"నేర్చుకుందామని."
"సూత్తే రాదు. ఇను.
కంగుమంటే ఇనుం బతికున్నట్టు.
బొద్దుమన్నాదా, తుప్పు నోన తినీసినట్టే."
ఆయన తట్టిన చోటే నేను జెల్ రాసి
మీటరు ఆనించాను.
ఆయన చెవి ముందే చెప్పిన సంగతిని
నా యంత్రం కాస్త ఆలస్యంగా అంకెల్లో ఒప్పుకుంది.
తుప్పు మీద పద్ధెనిమిది మార్కుల ప్రశ్న రాసినదాన్ని,
తుప్పు గోట్లో దిగి మంటపెట్టింది ఆ రోజే.

ఇక అసలు సంగతి.
అయిదో వారంలో, నలభై ఆరో ఫ్రేము అంకెల్ని
అరవై నాలుగు ఎదురుగా ఎక్కించాను.
ఎవరూ చూడలేదు.
పట్నాయక్ గారు సంతకం కూడా చేసేశారు.
మద్దిలపాలెం హాస్టల్లో అన్నం ముందు కూర్చున్నాక
గుర్తొచ్చింది.
మంచి రేకు కోసేస్తారు.
పుచ్చిన రేకు సముద్రానికి వెళ్తుంది.
నాకేం, ఇంకో మూడు వారాల్లో వెళ్లిపోతాను కదా
అనుకున్నాను. అబద్ధమెందుకు, గంటసేపు అనుకున్నాను.
రాత్రంతా ఫ్యాను కూడా బొద్దుబొద్దుమంది.

తెల్లారి ఆయన టేబుల్ ముందు నించున్నాను.
కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు,
మళ్లీ తుడుచుకున్నారు.
"నీకెవరైనా చెప్పారా?"
"లేదు సార్."
సంతకం మీద అడ్డగీత కొట్టారు.
తిట్టారు కూడా, బాగానే.
మధ్యాహ్నం సుద్దముక్క చేతిలో పెట్టి
"కొయ్యాల్సిన రేకు మీద గీత నువ్వే గియ్యి" అన్నారు.
చెయ్యి వణికి గీత వంకర పోయింది.
ఎర్రయ్య గారు చెంగుమని నవ్వి, తుడిపించి, మళ్లీ గీయించారు.
నా ఇంటర్న్‌షిప్ మొదలైన రోజు ఏదంటే
కాలేజీ కాగితంలో ఉన్న తేదీ చెప్పను.

నిన్న డాకులోకి నీళ్లు వదిలారు.
దిమ్మెల మీంచి ఓడ లేచిన క్షణం
ఎవరికీ కనపడలేదు, ఉన్నట్టుండి కదులుతోంది, అంతే.
అందరూ పైకి చూస్తుంటే
నేను నలభై ఆరు ఎక్కడ మునుగుతుందో చూశాను.

సర్టిఫికెట్లో నన్ను సుభాషిణి అన్నారు.
వెనక్కి పట్టుకెళ్లాను.
తప్పు చెప్పడం నాకిప్పుడు అలవాటే.

సొరుగు అడుగున సుద్దముక్క ఉంది చూడు,
ఎర్రయ్య గారిది. ఇవ్వడం మర్చిపోయాను,
లేదా నీకోసం మర్చిపోయాను.
కిందికి దిగి ఇచ్చిరా.
వెంటనే మాట్లాడరు.
నించో.